మెల్లగా తిను నాన్నా

ఆ ఇంట్లో తినేవాళ్లు ఇద్దరు, మింగేవాళ్లు ఇద్దరు. తినేవాళ్లు మొగుడూ పెళ్లాలు. మింగేవాళ్లలో ఒకరు మామగారు, రెండోది కుక్కపిల్ల.

ముందు మామగారి సంగతి చెప్పుకోవాలి, పెద్దవారు కాబట్టి. ఉద్యోగం చేసినంత కాలం ఆయన ఫైరింజన్ నడిపారు. ఫైర్ స్టేషన్‌లో కంచం ముందు కూర్చున్నవాడికి గంట ఎప్పుడు మోగుతుందో తెలియదు. మోగిందంటే ఎక్కడి ముద్ద అక్కడే వదిలేసి పరుగు. చెయ్యి కడుక్కునే తీరిక కూడా ఉండదు, ప్యాంటుకి తుడుచుకుని స్టీరింగు పట్టుకోవడమే. అలా సగంలో లేచిపోయిన భోజనాలు ఎన్నో. చివరికి ఆయనకొక విద్య అబ్బింది. గంట మోగేలోగా కంచం ఖాళీ చెయ్యడం. రిటైరై స్టేషన్ గడప దిగారు గానీ ఆ గంట మాత్రం ఆయన చెవుల్లోంచి దిగలేదు. ఎక్కడికైనా భోజనానికి పిలిస్తే, పక్కవాళ్లకి వడ్డన పూర్తయ్యేసరికి ఈయన మూతి తుడుచుకుంటూ వరండాలో కూర్చుని ఉండేవారు. నమలడం అనేది పనీపాటా లేనివాళ్ల కాలక్షేపమని ఆయన నమ్మకం.

నమ్మకం ఎలా ఉన్నా ఒంట్లో బాగున్నంత కాలం చెల్లిపోయింది. కిందటి చలికాలంలో పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి, మాట సర్దుకుంది, గొంతు ఒక్కటే మొండికేసింది. మింగిన ముద్ద పోవలసిన దారి వదిలేసి అప్పుడప్పుడు ఊపిరి దారి పట్టేది. ఆసుపత్రిలో మింగడం నేర్పడానికి ఒక థెరపిస్టు ఉందని తెలిసి మామగారు మొదట నవ్వారు. ఇన్నేళ్లూ మింగినవాడికి ఇప్పుడు మింగడం నేర్పుతారట అన్నారు. ఆవిడ నవ్వలేదు. నిటారుగా కూర్చోవాలి, చిన్న ముద్ద పెట్టుకోవాలి, గడ్డం ఛాతీ వైపు దించాలి, మింగాక ఇంకోసారి గుటక వెయ్యాలి, నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు అని చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం తొందర పడకూడదు. తిన్నది ఊపిరితిత్తుల్లో చేరిందంటే ప్రాణం మీదికి వస్తుంది. మళ్లీ పరీక్షకు వచ్చేనాటికి కూడా ఇలాగే ఉంటే నోటితో తిండి మాన్పించి ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదని కూడా చెప్పింది.

గొట్టం మాట వినగానే మామగారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆసుపత్రిలో పక్క మంచం మనిషికి గొట్టం ఉండేది. ఆ మనిషి భోజనాల బండి వచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకోవడం ఆయన రోజూ చూశారు.

అంత భయపడ్డ మనిషి ఇంటికొచ్చి మెల్లగా తిన్నారా అంటే, అదీ లేదు. భయం ఒక మూల, అలవాటు ఒక మూల. కంచం కనపడగానే ఆయన చెయ్యి ఆయన మాట వినేది కాదు.

వంట చేసి పెట్టేది కోడలు కాబట్టి ఆ దగ్గు వినేదీ ఆవిడే. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. వంటింటి పక్కన ఉన్న గదిలో కుట్టు మిషను, గోడ పొడుగునా బట్టల తానులు, నేల మీద ఎప్పుడూ కత్తిరింపు ముక్కలు. ఆవిడ నెమ్మదైన మనిషి, మాట పెగలడమే అరుదు. పెళ్లయిన దగ్గర్నుంచీ మామగారితో ఆవిడ మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక కర్టెన్ అంచుకి సరిపోవు. కాఫీ ఇమ్మంటారా, మందు వేసుకున్నారా, మీకు ఫోనొచ్చింది. అంతే. మర్యాద అడ్డుగోడలా నిలబడితే ఇవతలివాళ్లు ఇవతలే, అవతలివాళ్లు అవతలే.

అటువంటి మనిషి గుండె చిక్కబట్టుకుని, "మామయ్యగారూ, కాస్త మెల్లగా తినండి" అనేది. అందులో తప్పేం లేదు. కానీ ఆ "అండి" ఆయన చెవికి పై ఆఫీసరు మందలింపులా తగిలేది. కొడుకు చెబితే ఇంకా అన్యాయం, ఒంటికాలి మీద లేచేవారు. చివరికి ఒకరోజు ఆయన కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. అందరి ముందూ దగ్గడం నామోషీ అనిపించి ఉంటుంది. ఆ గదికి తలుపు లేదు, కోడలు కుట్టిన మందపాటి నీలం కర్టెన్ ఉంది. వంటింటికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి తినేవారు. ఇవతల కోడలు సగం కుట్టిన అంచు చేతిలో పట్టుకుని, అవతల దగ్గు ఎప్పుడు ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆయన ఆ దగ్గులోనే పోతారేమోనని ఆవిడ భయం. ఆ భయం మొగుడితో కూడా పూర్తిగా చెప్పలేకపోయింది.

ఇక కుక్కపిల్ల. కోడలి భర్త లిఫ్ట్ మెకానిక్. ఏదో పాత భవనంలో లిఫ్టు ఆగిపోతే చూడటానికి వెళ్లి, కింద గుంటలో దిగితే చీకట్లో రెండు కళ్లు కనిపించాయట. ఎలా పడిందో, ఎన్నాళ్లు పస్తు ఉందో తెలియదు. పనిముట్ల సంచిలో వేసుకుని తెచ్చాడు. మొదటిరోజు గిన్నెలో అన్నం, ఉడకబెట్టిన గుడ్డు కలిపి పెడితే కళ్లు మూసి తెరిచేలోగా మాయం. గుటకాయ స్వాహా అన్నాడు భర్త. ఆ స్వాహా దానికి పేరైపోయింది.

పేరు ముద్దుగానే ఉంది గానీ దాని తిండి చూస్తే భయమేసేది. మూతి గిన్నెలో పెట్టిందంటే ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయేది. పొట్ట డోలులా ఉబ్బేది, పొలమారి గిలగిలా కొట్టుకునేది, తిన్నదంతా కక్కి మళ్లీ దాన్నే తినబోయేది. కుక్కల డాక్టరు చూసి, దీని తిండి నెమ్మదించకపోతే ఏదో ఒకరోజు గొంతుకి అడ్డం పడుతుందని చెప్పాడు. ఆ మాట విని కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదే మాట ఆసుపత్రిలో థెరపిస్టు దగ్గర విని ఇంకా ఎన్నో రోజులు కాలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ తల ప్రాణం తోకకి వచ్చింది. గిన్నె మధ్యలో చిన్న గిన్నె బోర్లించి చుట్టూ తిండి పోస్తే, స్వాహా ఆ చిన్న గిన్నెని నోట కరుచుకుపోయి మంచం కింద పెట్టి వచ్చి మిగతాది మింగేసింది. కేకులు కాల్చే గుంటల పళ్లెంలో తలా కాస్తా పెడితే, పళ్లెం తిరగేసి పని తేలిక చేసుకుంది. మింగలేనంత పెద్ద గుండ్రాయి కడిగి గిన్నెలో వేస్తే దాన్ని తోసుకుంటూ తినడంలో ఇంకా ఉత్సాహం పుట్టింది. తెలివి తక్కువ ఏమీ లేదు దానికి, తొందరే ఎక్కువ.

చివరికి ఆవిడ తనకి తెలిసిన పనికే దిగింది. కర్టెన్ల కత్తిరింపులన్నీ పోగేసి, పీలికలు కోసి, ఒక మందపాటి గుడ్డ మీద ఒత్తుగా కుట్టి చిన్న చాప తయారుచేసింది. తిండి పలుకులు ఆ పీలికల మధ్య దాచి పెట్టింది. స్వాహా ఇప్పుడు ఒక్కో పలుకునీ వాసన పట్టి, ముక్కుతో తవ్వి, వెతుక్కుని తినాలి. మొదట్లో పీలికలతో సహా మింగబోయింది. కోడలు దాని పక్కనే నేల మీద కూర్చుని, మెడ మీద చెయ్యి వేసి, "మెల్లగా తిను నాన్నా, ఎవరూ లాక్కోరు" అంటూ ఉండేది. నాన్నా అని ఎందుకు అందో ఆవిడకే తెలియదు. పసివాళ్లనీ కుక్కపిల్లల్నీ అందరూ అలాగే అంటారు, నోటికి అలా వచ్చేసింది. తన తండ్రి పోయాక ఆ మాట ఆవిడ నోట్లోంచి రాక చాలా ఏళ్లయింది.

ఇలా జరుగుతుండగా ఒక మధ్యాహ్నం మామగారికి కంచం ఇచ్చి, ఇవతలికి వచ్చి, చాప పరిచి స్వాహాని కూర్చోబెట్టింది. అది ఎప్పటిలాగే ఎగబడింది. "మెల్లగా తిను నాన్నా, ఎవరూ లాక్కోరు" అంది ఎప్పటిలాగే.

కర్టెన్ అవతల చెంచా చప్పుడు ఆగింది.

"సరేనమ్మా" అన్నారు మామగారు.

కోడలు నోరు తెరిచింది. ఇది మీకు కాదండీ, కుక్కకి అనాలి. అనాలి గానీ ఎలా అంటుంది? కర్టెన్ అంచు ఒక్క వేలెడంత జరిపి చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి నిటారుగా కూర్చుని ఉన్నారు. చెంచాలో సగమే తీసుకున్నారు, గడ్డం దించారు, మింగారు. ఇంకోసారి గుటక వేశారు. థెరపిస్టు చెప్పినదంతా ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తున్నదాన్ని చెయ్యనిచ్చే మాట ఒకటి కావలసి వచ్చింది, అంతే. ఆయనకి కూతుళ్లు లేరు. ఆడపిల్ల గొంతు ఆయన్ని నాన్నా అని, నువ్వు అని పిలవడం పుట్టి బుద్ధెరిగాక ఆయన వినలేదు. కోడలు కర్టెన్ వదిలేసి స్వాహా పక్కన కూర్చుండిపోయింది. ఆ పూట దగ్గు రాలేదు.

సాయంత్రం భర్తకి చెబితే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. మా నాన్నని కుక్కపిల్లని చేశావా అన్నాడు. లేదు, కుక్కపిల్లని నాన్నని చేశాను అంది ఆవిడ. అతను నవ్వు ఆపేశాడు. తర్వాత, ఆయనకి చెప్పకు అన్నాడు.

చెప్పలేదు. అప్పటి నుంచీ మామగారి కంచమూ స్వాహా చాపా ఒకేసారి సిద్ధమయ్యేవి. ఇవతల ఆ మాట, అవతల ముద్ద గొంతు దిగాక జవాబు. మాటకీ జవాబుకీ మధ్య ఆ కాస్త ఆలస్యం కోసం ఆవిడ చెవులు రిక్కించుకుని ఉండేది. ఆలస్యమైందంటే ఆయన సరిగ్గా మింగుతున్నట్టు లెక్క. దగ్గు తగ్గింది, బుగ్గల్లో కాస్త కండ చేరింది. ఒకరోజు ఆయనే, ఇవాళ కూరలో ఏం వేశావమ్మా, రుచిగా ఉంది అన్నారు. ఆయనకి తిండి రుచి తెలియడం అదే మొదలు కావచ్చు. ఆవిడ సంతోషపడింది, ఆ సంతోషం మీద దిగులు కూడా పడింది. అబద్ధం ఆడలేదు నిజమే, కానీ నిజం కర్టెన్ చాటున ఉంది.

మధ్యలో స్వాహా బాగుపడిపోయింది. చాప మీద పెద్దమనిషిలా పడుకుని, ఒక్కో పలుకూ ఏరుకుని, నమిలి తినడం నేర్చింది. ఇక దానికి ఆ మాట అవసరం లేదు. అయినా కోడలు అంటూనే ఉంది. తిండి అయిపోయి అది కునుకు తీస్తున్నప్పుడు కూడా, "మెల్లగా తిను నాన్నా" అనేది. స్వాహా ఒక కన్ను తెరిచి, ఏం తినాలి అన్నట్టు చూసి మళ్లీ మూసుకునేది.

ఆసుపత్రి పరీక్ష వారంలోకి వచ్చిందనగా కొంప మునిగింది. ఆ రోజు స్వాహాకి ఏం బుద్ధి పుట్టిందో, చాప నోట కరుచుకుని ఈడ్చుకుంటూ కర్టెన్ కింద నుంచి మామగారి గదిలోకి దూరింది. పలుకులన్నీ దారి పొడుగునా రాలిపోతున్నాయి. కోడలు కంగారుగా వంగి, రాలినవి ఏరుతూ దాని వెనకే కర్టెన్ తోసుకుని వెళ్లింది. చూపంతా కుక్క మీదే ఉంది, నోరు దాని పని అది చేసుకుపోయింది. "మెల్లగా తిను నాన్నా, ఎవరూ లాక్కోరు" అని దాని తల నిమిరింది.

"సరేన..." అంటూ మామగారు ఇటు తిరిగారు.

తిరిగి చూశారు. నేల మీద కుక్కపిల్ల, దాని తల మీద కోడలి చెయ్యి.

"దానికా?" అన్నారు.

అబద్ధం ఆడి ఉండొచ్చు. ఆవిడకి నాలుక తిరగలేదు. ఆయన కోప్పడలేదు. కిటికీ వైపు తిరిగిపోయారు. చెవుల అంచులు ఎర్రబడటం మాత్రం ఆవిడకి కనిపించింది. ఇన్నాళ్లూ తాను కుక్క మాటకి జవాబు చెప్పానని ఆయన సిగ్గుతో చితికిపోయారు.

ఆ సాయంత్రం ఆయన పాత ఫైరింజన్ వేగంతో తిన్నారు. ఎప్పుడూ లేనంత గట్టిగా దగ్గు పట్టుకుంది. కొడుకు పరుగెత్తుకెళ్లి ముందుకి వంచి వీపు తట్టాడు. ఊపిరి అందాక కంచం పక్కకి నెట్టేసి, ఆకలి లేదు అన్నారు. మర్నాడూ అదే మాట. తింటే దగ్గు, లేకపోతే పస్తు. కోడలు ఇవతల స్వాహాని కూర్చోబెట్టి ఆ మాట అంది. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఎవరూ లాక్కోరు అని రోజూ చెప్పి, చివరికి ఆయన దగ్గర లాక్కున్నది తనే.

భర్త తాను మాట్లాడతానన్నాడు. వద్దంది. కొడుకు చెబితే మళ్లీ అది ఆర్డరే అవుతుంది. గట్టిగా ఆలోచించి, ఒక పని చెయ్యి అంది. మధ్యాహ్నం కాస్త వీలు చేసుకుని వచ్చి స్వాహాని టీకాకి తీసుకెళ్లు, భోజనం వేళకి అది ఇంట్లో ఉండకూడదు.

ఆ మధ్యాహ్నం భర్త వచ్చి స్వాహాని సంచిలో వేసుకుని, పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న తండ్రికి వినపడేలా, దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా అని చెప్పి మరీ వెళ్లాడు. కోడలు అన్నం మెత్తగా కలిపి మామగారి ముందు పెట్టింది. రోజూలా ఇవతలికి రాలేదు. స్టూలు వేసుకుని, రింగుల్లోంచి కర్టెన్ ఊడదీసింది. తన చేత్తో కుట్టి తన చేత్తో తగిలించిందే. దాన్ని మడిచి మిషను మీద పెట్టి, తన కంచం తెచ్చుకుని, ఆయనకీ కిటికీకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. పెళ్లయ్యాక ఆయన ఎదురుగా కూర్చుని తినడం అదే మొదటిసారి.

ఆయన తలెత్తలేదు. పెద్ద ముద్ద ఒకటి మింగి, దాని వెనకే ఇంకోటి చెంచాకి ఎత్తారు.

"మెల్లగా తిను నాన్నా" అంది.

చెంచా గాల్లో ఆగింది. ఆయన నేల వైపు చూశారు, మంచం కిందకి చూశారు, తీసేసిన కర్టెన్ వైపు చూశారు.

"అది ఇంట్లో లేదు కదమ్మా" అన్నారు.

"తెలుసు నాన్నా. నేనే పంపించాను."

మొదలుపెట్టిన మాట ఆవిడ సగంలో వదలదలుచుకోలేదు.

"ఇక్కడ గంట కొట్టేవాళ్లెవరూ లేరు. నువ్వు మెల్లగా తిను."

మామగారు చెంచాలోది సగం కంచంలోకి దింపారు. మిగిలిన సగం నోట్లో పెట్టుకున్నారు. గడ్డం దించారు, మింగారు, మళ్లీ ఒకసారి గుటక వేశారు. ఆవిడ ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చుంది. ఇవతల నుంచి వినడం ఒక ఎత్తు, ఎదురుగా చూడటం ఒక ఎత్తు. ఆ కాస్త ఆలస్యం ఆవిడకి ఎప్పటికీ తెమలనంత పొడుగ్గా తోచింది.

"సరేనమ్మా" అన్నారు ఆయన. కళ్లు తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాలు తీసుకుంటూ, "నువ్వు కూడా తిను, చల్లారిపోతోంది" అన్నారు.

ఇద్దరూ తిన్నారు. మధ్యలో ఆయన ఒక ముద్ద దిగాక, ఇంకో ముద్ద ఎత్తకముందు, ఒకప్పుడు స్టేషన్‌లో తాను సగంలో వదిలేసి పరిగెత్తిన ఒక భోజనం గురించి చెప్పారు. తిరిగొచ్చి చూస్తే ఆ కంచాన్ని స్టేషన్ పిల్లి నాకేసిందట. ఆవిడ నవ్వింది. పొలమారకుండా ఆయనా నవ్వారు.

భర్త తిరిగి వచ్చేసరికి కిటికీలోంచి ఎండ గది సగానికి జరిగింది. స్వాహా సంచిలోంచి దూకి వచ్చి ఇద్దరి కంచాల మధ్యా చతికిలబడింది. వాళ్లింకా తింటూనే ఉన్నారు. కర్టెన్ లేని గుమ్మంలో నిలబడి అతను అటూ ఇటూ చూశాడు.

"ఇంకా అవ్వలేదా నాన్నా?" అన్నాడు.

మామగారు నోట్లోది నిదానంగా మింగారు. ఇంకోసారి గుటక వేశారు.

"తొందరేముందిరా" అన్నారు.